రొట్టె బాకీ: మాలకొండ నుంచి స్వర్ణాల చెరువు దాకా

శనివారం, మాలకొండ

కందుకూరు బస్టాండులో మాలకొండ బస్సు ఎక్కేసరికే సీట్లు లేవు. శ్రావణ శనివారం, పైగా మాలకొండ. ఆ గుడి తలుపులు వారానికి ఒక్క శనివారమే తీస్తారు. మిగతా ఆరు రోజులూ దేవతలూ ఋషులూ వచ్చి మాల్యాద్రి నరసింహస్వామిని కొలుచుకుంటారని నమ్మకం. మనుషుల వంతు ఒక్కరోజే కాబట్టి చుట్టుపక్కల మండలాల జనమంతా ఆ రోజే కొండకు చేరతారు. కండక్టరు ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వెనక సీటుకు వచ్చేలోపు వలేటివారిపాలెం దాటిపోయింది.

నేను బయల్దేరింది నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు. కోవిడ్ వల్ల 2020లో, 2021లో అక్కడికి జనాన్ని రానివ్వలేదు. ఈ ఏడు, అంటే 2022లో, ఆగస్టు 9 మొహర్రం నుంచి మళ్లీ ఎప్పటిలాగే జరుపుతామన్నారు. ఎలాగూ ఒంగోలు నుంచి కిందికి దిగుతున్నాను కదా, దారిలో కొన్నిచోట్ల ఆగి, గుళ్లూ దర్గాలూ మూసేసిన ఆ రోజుల్ని జనం ఎలా గుర్తుపెట్టుకున్నారో విందామనిపించింది. (మొన్న ఏప్రిల్ దాకా మాలకొండ ప్రకాశం జిల్లాలో ఉండేది. కొత్త జిల్లాలొచ్చాక కందుకూరుతో పాటు నెల్లూరులో కలిసింది. బస్సులో మాత్రం ఆ మాట ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.)

దర్శనం క్యూ కదలడం లేదు. ఒకరి వీపు మీద ఇంకొకరి ఊపిరి. మాస్కు పెట్టుకున్నవాళ్లు నా కంటికి ఇద్దరు ముగ్గురు కనిపించారు, వాళ్లలో ఒకాయన దాన్ని గడ్డం కిందికి దించి బీడీ కాలుస్తున్నాడు. అమ్మవారి గుడికి వెళ్లాలంటే చీలిన బండ మధ్య సన్నటి సందులోంచి పక్కకు తిరిగి నడవాలి. అక్కడ ఆరడుగుల దూరం పాటించమని ఎవరైనా బోర్డు పెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుని నవ్వొచ్చింది.

కిందికి దిగాక టెంకాయలమ్మే ఆవిడ దగ్గర కూర్చున్నాను. 2020 మార్చి మూడో వారంలో గుళ్లు మూశారు, జూన్ 8న తెరిచారు. ఆవిడ దాన్ని రోజుల్లో చెప్పదు, శనివారాల్లో చెబుతుంది. "ఆరు రోజులు దేవుడు మూసుకున్నాడు, ఏడోది గవర్నమెంటోళ్లు మూసినారు. మాకింకేం మిగిలింది నాయనా?" అంది. దేవుడు మూసిన ఆరు రోజుల మీద ఆవిడకు ఫిర్యాదేమీ లేదు. అది ఎందుకో తెలుసు, ఎప్పుడు తెరుస్తారో తెలుసు. ప్రభుత్వం మూసింది మాత్రం కొన్నాళ్లని మొదలై, ఇంకొన్నాళ్లు, మళ్లీ ఇంకొన్నాళ్లు అంటూ సాగింది. పక్కన పూలమ్మే అతను అందుకున్నాడు: "మే 4న బ్రాందీ షాపులు తెరిచారు సార్. దేవుడికేమో జూన్ దాకా తాళం."

ఈ మాట ఆ రోజుల్లో రాష్ట్రమంతా అన్నదే. షాపులు తెరుస్తూనే పాతిక శాతం, మర్నాడు ఇంకో యాభై శాతం రేట్లు పెంచారు, అయినా క్యూలు తగ్గలేదు. ఖజానాకు డబ్బు కావాలి కాబట్టి తెరిచామని ఎవరైనా ముఖం మీద చెప్పి ఉంటే జనం తిట్టేవాళ్లు, తర్వాత అర్థం చేసుకునేవాళ్లు. అలా చెప్పకపోయేసరికి, రోగం పేరు చెప్పి దేవుణ్ని మాత్రమే కట్టేశారన్న అనుమానం మిగిలిపోయింది. ఆ అనుమానం ఆ పూలబండి దగ్గర ఇంకా అలాగే ఉంది.

ఆదివారం, రంగనాయకులపేట, జొన్నవాడ

నెల్లూరులో పొద్దున్నే కారం దోసె తిని పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడికి వెళ్లాను. గాలిగోపురం నీడలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు పేపరు చదువుకుంటున్నారు. దేశంలో లాక్‌డౌన్ మొదటిరోజు 2020 మార్చి 25, అదే ఉగాది. పంచాంగ శ్రవణం వినడానికి గుడికి రావడం అలవాటున్న పేట ఇది. ఆ ఏడు టీవీలో విన్నామని వాళ్లే చెప్పారు. "వ్యాధి భయం ఉంటుందని పంచాంగంలోనే ఉందన్నాడు మా మనవడు. ప్రతి ఏడూ ఉంటుందిరా అన్నాన్నేను" అని ఒకాయన నవ్వాడు.

ఈ ఊరికి ఆ భయం అందరికంటే ముందే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి కోవిడ్ కేసు నెల్లూరులోనే, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి తేలింది. అతను కోలుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఊరికి మాత్రం చాలా రోజులు 'మొదటి కేసు ఊరు' అన్న పేరుండిపోయింది.

లోపల ఒక అర్చకస్వామితో కాసేపు మాట్లాడాను. మూసిన రోజుల్లో కష్టంగా లేదా స్వామీ అంటే, "భక్తులు లేరని స్వామికి ఆరాధన ఆగదు కదండీ. ఏకాంతంగా చేశాం" అన్నారు. ఏకాంతం అన్న ఏర్పాటు గుడికి కొత్తది కాదు. గ్రహణం పడితే తలుపులు వేస్తారు. 2020 జూన్ 8న గుళ్లు తెరిచిన రెండు వారాలకే, జూన్ 21న సూర్యగ్రహణం వచ్చి మళ్లీ మూశారు. ఆ మూతకు ఎవరూ కిమ్మనలేదు. తెరిచాక నిజంగా బాధపెట్టినవి ఆయన లెక్కలో వేరే: తీర్థం ఇవ్వొద్దన్నారు, శఠగోపం పెట్టొద్దన్నారు, ప్రసాదం చేతికివ్వొద్దన్నారు, అరవై ఐదేళ్లు దాటినవాళ్లు ఇంట్లోనే ఉండాలన్నారు. "రోజూ వచ్చేదే ఆ వయసువాళ్లు. వాళ్లని వద్దని, చూసి పొమ్మంటే ఎవరొస్తారండీ?" పూజ సాగింది, ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. ఆ తేడా ఎంత పెద్దదో మధ్యాహ్నం జొన్నవాడలో ఇంకా బాగా తెలిసింది.

జొన్నవాడ కామాక్షితాయి గుడి కూడా పెన్న ఒడ్డునే. ఇక్కడికి దర్శనం చేసుకుని పోయేవాళ్లకంటే 'నిద్ర చేయడానికి' వచ్చేవాళ్లు ఎక్కువ. మొక్కుకుని గుడి దగ్గరే రాత్రి పడుకుంటారు. అమ్మవారు కలలో కనపడితే పని జరిగినట్టే. బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు పిల్లల్లేని ఆడవాళ్లకు కొడిముద్దలనే ప్రసాదం పెడతారు. ఆ ముద్ద కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అర్చకుడు ఒక్కడే ఎంత శ్రద్ధగా పూజ చేసినా ఆ ముద్ద మీ నోట్లో పడదు, మీ బదులు ఆయన నిద్ర చేస్తే మీకు కల రాదు.

మండపంలో పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని కూర్చున్న ఒకమ్మాయిని మొక్కు తీరిందా అని అడిగాను. తీరిందంది. 2020 వేసవిలో కొడిముద్దకు రావాలనుకుంటే లాక్‌డౌన్ పడింది. వాళ్లత్త రోజూ 'ఈ ఏడు పోయింది, ఈ ఏడు పోయింది' అనేదట. "ఆస్పత్రి మందులు కూడా వాడాం సార్, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అత్తకి అది మాత్రం చెప్పొద్దు" అంది.

సోమవారం, కృష్ణపట్నం

ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం బస్సు. పోర్టు లారీల దుమ్ము తప్ప దారిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఊరు కూడా నిశ్శబ్దంగా ఉంది. 2021 మేలో ఈ ఊరి రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ జనం నిలబడ్డారంటే ఇప్పుడు చూసినవాళ్లు నమ్మరు.

కోవిడ్‌కని ఈ ఊరి ఆనందయ్య ఇచ్చిన నాటుమందు, 'ఆనందయ్య మందు', ఇక్కడే. ఇది మతం కథ కాదని ఎవరైనా అనొచ్చు గానీ, ఆ జనాన్ని నడిపించింది కూడా నమ్మకమే కాబట్టి వచ్చాను. ఆ మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, 144 సెక్షన్. ఆస్పత్రుల్లో మంచం దొరకని రోజులు. అప్పుడు, మే 21న, ఉచితంగా ఇస్తున్న మందు కోసం వేలమంది ఇక్కడికి వచ్చిపడ్డారు. రోగులున్న అంబులెన్సులూ ఆ గుంపులోనే. పంపిణీ ఆపించి పరీక్షలకు పంపారు. హాని చేసే పదార్థాలు కనపడలేదన్నారు, రోగం తగ్గిస్తుందనడానికి రుజువూ లేదన్నారు. మే 31న కంట్లో వేసే చుక్కల మందుకు ఒప్పుకోలేదు గానీ, మిగతావాటిలో కొన్ని ఇచ్చుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది.

టీకొట్టు అతను ఒక మాటన్నాడు, అది రాసుకున్నాను: "ఏప్రిల్లో ఓటెయ్యడానికి లైన్లో నిలబెట్టినారు, మేలో మందుకు నిలబడితే లాఠీలు చూపించినారు." నిజమే. తిరుపతి ఎంపీగా ఉన్న బల్లి దుర్గాప్రసాదరావు 2020 సెప్టెంబరులో, కోవిడ్‌కు చికిత్స పొందుతూ చనిపోయారు. ఆ ఖాళీకి 2021 ఏప్రిల్ 17న ఉపఎన్నిక జరిగింది. ఈ ముత్తుకూరు మండలం సర్వేపల్లి నియోజకవర్గంలో, సర్వేపల్లి తిరుపతి పార్లమెంటులో. రెండో వేవ్ పైకి లేస్తున్న ఆ రోజుల్లో ఈ పల్లెల్లో అన్ని పార్టీల సభలూ జరిగాయి. అదే నెలలో హరిద్వార్‌లో కుంభమేళా. గుంపులన్నీ వైరస్‌కు ఒకటేననే మాట పోస్టర్ల మీదే ఉండిపోయింది.

మంగళవారం, స్వర్ణాల చెరువు

మొహర్రం. దర్గామిట్ట వైపు ఆటోలు దూరంగానే ఆపేస్తున్నారు. బారాషహీద్ దర్గా దాకా నడక. నా ముందూ వెనకా తమిళం, కన్నడం, ఉర్దూ, మన తెలుగు, అన్నీ వినపడుతున్నాయి. నడిచేవాళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లే ఎక్కువ. ప్రతి ఒక్కరి చేతిలో ఓ సంచి, సంచిలో గుడ్డలో చుట్టిన రొట్టెలు.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. దర్గాలో పన్నెండుగురు వీరుల సమాధులున్నాయి. యుద్ధంలో వాళ్ల తలలు గండవరం దగ్గర తెగిపడితే మొండేల్ని గుర్రాలు ఈ చెరువు దాకా మోసుకొచ్చాయని చెబుతారు. తర్వాతెప్పుడో ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేస్తే ఈ సమాధుల దగ్గరి మట్టితో నయమైందనీ, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన నవాబు దంపతులు రొట్టెలు పంచారనీ కథ. జబ్బు నయమవడంతో మొదలైన పండుగను జబ్బు భయంతోనే ఆపాల్సి వచ్చింది.

పద్ధతి ఇది: కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె 'పట్టాలి'. తీరాక మళ్లీ వచ్చి, అలాంటి రొట్టె చేసుకొచ్చి, ఇంకొకరికి 'వదలాలి'. ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతిల్లు రొట్టె అని గట్టు మీద బోర్డులుంటాయి. పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని విదేశీ రొట్టె ఎక్కడని అడుగుతున్న కుర్రాళ్లూ ఉన్నారు. మధ్యలో పూజారి లేడు, దర్గా సేవ చూసే ముజావరూ లేడు. మీకు ముక్కూమొహం తెలియని ఒక మనిషే మీకు ప్రసాదం ఇచ్చేది. ఆ మనిషి రాకపోతే మీకు రొట్టె లేదు.

దీనికి ఏకాంత సేవ ఎలా చేస్తారు? 2020లో, 2021లో దర్గా లోపల కొద్దిమందితో సమాధులకు గంధం పూసే వేడుక జరిపారు. శాస్త్రానికి అది సరిపోయింది. చెరువులో జరిగేది మాత్రం జనం లేకుండా జరగనే జరగదు.

అయినా ఆ నిర్ణయం తప్పని నేను అనలేను. 2020 ఆగస్టు 22న వినాయకచవితి, 24న గొలగమూడి వెంకయ్యస్వామి ఆరాధన, 30న మొహర్రం. తొమ్మిది రోజుల్లో ఒకే జిల్లాలో మూడు పెద్ద గుంపులు. అప్పుడు రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు వస్తున్నాయి, టీకా లేదు. చేతి నుంచి చేతికి రొట్టె మారి, అక్కడికక్కడే నోట్లోకి వెళ్లి, ఆ మనుషులు నాలుగు రాష్ట్రాలకు తిరిగి వెళ్లే పండుగ ఇది. అప్పుడు జరిపి ఉంటే ఏమయ్యేదో అనుకోవడానికే భయమేస్తుంది. నా పేచీ వేరే చోట. 'పండుగ రద్దు, ఎవరూ రావద్దు' అన్నారు. పట్టిన రొట్టె బాకీ ఉన్నవాళ్లు ఆ బాకీని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగం రొట్టెల బోర్డు దగ్గర పొదిలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దొరికింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఎవరన్నా అడుగుతారా అని చూస్తోంది. 2019లో కొడుకు కోసం రొట్టె పట్టిందట. నాలుగు నెలలకే చెన్నైలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. 2020 మొహర్రానికి రొట్టె వదలాలి. బస్సుల్లేవు, చెరువుకు దారిలేదు. ఇంట్లోనే చేసి ఆవుకు పెట్టింది. ఆ దసరా తర్వాత కొడుకును ఉద్యోగంలోంచి తీసేశారు.

"కరోనాకి అందర్నీ తీసేశారమ్మా" అన్నాను.

"అందరి సంగతి నాకెందుకు నాయనా? నా బాకీ నాకుండింది కదా" అంది.

కొడుక్కి నిరుడు మళ్లీ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సంచిలో రెండు కట్టలు: పోయిన ఉద్యోగానికి ఒకటి, ఉన్నదానికి ఒకటి. మొదటి కట్ట తీసుకోవడానికి ఎవరూ రావడంలేదు, ఎందుకంటే అడిగినవాళ్లందరికీ ఆవిడ ఆ కథ మొత్తం చెబుతోంది. పోయిన ఉద్యోగం తాలూకు రొట్టె ఎవరికి కావాలి? కథ చెప్పకుండా ఇచ్చేయమని పక్కనున్న కోడలు గొణిగింది. "దేవుడి సొమ్ము, దాచిపెట్టి ఇస్తానా?" అని ఆవిడ కోప్పడింది. చివరికి కావలి కుర్రాడొకడు ఆకలేస్తోందని రెండు కట్టల్లోంచీ ఒక్కో ముక్క పట్టుకుపోయాడు.

గట్టు మీద ఒక మెడికల్ క్యాంపు, దాని పక్కనే బందోబస్తు కానిస్టేబుల్. 2020లోనూ తనకు ఇక్కడే డ్యూటీ అన్నాడు. "ఆపినా వచ్చారు సార్. బారికేడ్ల మీద రొట్టెలు పెట్టి, అన్నా కాస్త చెరువులో వెయ్యన్నా అని వెళ్లిపోయేవాళ్లు. ఇద్దరాడోళ్లయితే రోడ్డు మీదే చెంబుతో నీళ్లు పోసుకుని, ఆ తడిలో నిలబడి రొట్టెలు మార్చుకున్నారు. ఏ కేసు పెట్టమంటారు?" పెట్టలేదట. మాస్కులు పెట్టుకోండమ్మా అని చెప్పి పంపేశాడట. రద్దు ఉత్తర్వు చెప్పని దారిని ఆ ఇద్దరూ వాళ్లే కనిపెట్టుకున్నారు. గుంపు లేదు, చెరువు లేదు, మొక్కు మాత్రం తీరింది. దర్గా పెద్దలూ అధికారులూ కలిసి కూర్చుని, ఈ ఏడు మీ ఊళ్లోనే ఇద్దరిద్దరుగా ఇలా చేసుకోండి, చెల్లుతుంది అని ఒక్క మాట చెప్పి ఉంటే పొదిలి అవ్వకు రెండేళ్ల దిగులు తప్పేది. బారికేడ్లకయిన ఖర్చు కూడా తగ్గేదేమో.

బుధవారం, కోటమిట్ట

రాత్రికి గంధం ఊరేగింపు. సాయంత్రం కోటమిట్టలో ఒక టీ హోటల్లో చోటు దొరికింది. నా బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు: ఒకాయన రిటైరైన ఉర్దూ టీచరు, ఇంకొకాయనకు బట్టల కొట్టు.

మాస్టారు నెమ్మదిగా మాట్లాడతారు. ప్లేగు ఉన్న ఊళ్లోకి వెళ్లొద్దు, మీరున్న ఊళ్లోకే వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని ప్రవక్త చెప్పిన మాట హదీసుల్లో ఉందని, 2020 రంజాన్‌కు రాత్రిపూట చేసే తరావీ నమాజులు ఇళ్లలో చేసుకోమని తాను ఆ మాటతోనే వీధి కుర్రాళ్లను ఒప్పించానని చెప్పారు. మే 25న ఈద్ నమాజు కూడా ఇళ్లలోనే. "మా మాట మావాళ్లు విన్నారు బాబూ. పోలీసు అవసరం రాలేదు."

బట్టల కొట్టాయన బాధ వేరు. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో, అంటే తబ్లీగీ జమాత్ కేంద్రంలో, జరిగిన సమావేశానికి వెళ్లొచ్చినవాళ్లలో 2020 మార్చి చివర కేసులు బయటపడ్డాయి, మన జిల్లాల్లోనూ. పరీక్షలు చేయించుకోవాల్సిందే, అందులో తప్పులేదంటాడు. కానీ ఆ తర్వాత ఆయన బావమరిది కూరగాయల బండిని ఒక వీధిలోకి రానివ్వలేదట, అతనెప్పుడూ నెల్లూరు దాటి వెళ్లింది లేదు. "ఆగస్టులో బొంబాయి హైకోర్టు వాళ్లు ఔరంగాబాదులో చెప్పారు కదా, మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని, కేసులు కొట్టేశారు. ఆ పేపరు కటింగు నా దగ్గరుంది. కూరగాయలు కొననోళ్లకి చూపిద్దామంటే ఇప్పుడు వాళ్లే నా కొట్టుకొచ్చి చీరలు కొంటున్నారు, ఏం చూపించేది?"

నేను చెంబు కథ చెప్పాను. మాస్టారు తల ఊపారు. బట్టల కొట్టాయన ఒప్పుకోలేదు. చెరువులోనే జరగాలి, వందమందిని టోకెన్ల మీద రానిచ్చి ఉంటే సరిపోయేది అంటాడు. పోయినేడు వినాయకచవితికి ప్రభుత్వం వీధి పందిళ్లు వద్దంటే, ప్రైవేటు స్థలాల్లో పెట్టుకోవచ్చు, ఒకసారికి ఐదుగురికి మించొద్దని హైకోర్టు చెప్పలేదా? అట్లాగే మాకూ ఒక లెక్క చెప్పొచ్చు కదా?

"వందమందిని ఎవరు ఎంచుతారు?" అన్నారు మాస్టారు.

"లాటరీ తీస్తారు."

"లాటరీ తీస్తే వచ్చినోళ్లలో యాభైమంది రొట్టె పట్టేవాళ్లు, యాభైమంది వదిలేవాళ్లు ఉంటారా? అందరూ పట్టేవాళ్లే వస్తే ఇచ్చేదెవరు? నువ్విస్తావా?"

బట్టల కొట్టాయన ఆలోచనలో పడ్డాడు. దరఖాస్తులో ఒక కాలమ్ పెట్టాలన్నాడు: పట్టడమా, వదలడమా. ఏ రొట్టో కూడా రాయాలన్నారు మాస్టారు, పెళ్లి రొట్టె కావాల్సినవాడికి వీసా రొట్టె ఇస్తే ఊరుకుంటాడా? అప్పుడు సిఫారసు ఉత్తరాలొస్తాయి, కార్పొరేటరు కోటా అంటారు, ఎమ్మెల్యే కోటా అంటారు. ఇద్దరూ కలిసి నా నోటుబుక్కులో ఒక కాగితం చింపించుకుని ఆ దరఖాస్తు రాయడం మొదలుపెట్టారు. సంతానం రొట్టెకు భార్యాభర్తలిద్దరినీ ఒక టోకెనుగా లెక్కేయాలా, రెండా అన్న దగ్గర తగువు పడి, ఇంకో రౌండు టీ చెప్పారు.